కుట్టు పిన్ని మీద నా కుళ్ళు

నిన్న మధ్యాహ్నం మా మేనకోడలు ఫోన్ చేసి ఒకటే ఏడుపు. మనసు బాగాలేనివాళ్లతో మూడేళ్లుగా చేస్తున్న పరిశోధన తిరగబడిందట. తను తయారుచేసిన పద్ధతి కన్నా, ఊరికే పోల్చుకోవడానికి పెట్టుకున్నదే బాగా పనిచేసిందట. "ఆ కాగితాలు పక్కన పడేయనా అత్తయ్యా?" అంది. గతుక్కుమన్నాను. ఆ పని నేను ఎప్పుడో చేసి కూర్చున్నానుగా మరి!

దివిసీమ ఉప్పెన తర్వాతి ఏడు. వాల్తేరులో సైకాలజీ ఎమ్మే చదివిన గుడివాడ పిల్లని, కాళ్లు నేలమీద ఆనేవి కావు. ఉప్పెన ముంచేసిన పాలకాయతిప్ప దగ్గర, పరిశోధన కోసం రెండు తాటాకు పాకలు వేశారు. ఒకదాంట్లో, అయినవాళ్లని పోగొట్టుకున్న ఆడవాళ్లని ఒక్కొక్కరినే కూర్చోబెట్టి నేను మాట్లాడించాలి. రెండోదాంట్లో, పోల్చి చూడ్డానికి, ఉత్తినే పాత చీరలతో బొంతలు కుట్టించాలి. దానికి మా ప్రొఫెసరుగారు బందరులో మిషను కుట్టుకునే ఒక ముస్లిం ఆవిడని తెచ్చారు. అందరికీ ఆవిడ పిన్ని. రెండు నెలలయ్యాక నిద్ర పడుతోందా, అన్నం సహిస్తోందా అని అందర్నీ అడిగి రాసుకున్నాం. మూడుసార్లు సరిచూశాను. పిన్ని పాకలోవాళ్లే ఎక్కువ తేరుకున్నారు. కడుపు మండిపోయింది. నా చదువేంటి, ఆవిడ గుండీలు కుట్టే పనేంటి!

ఏం మందు పెడుతోందో చూద్దామని వెళ్లాను. ఇద్దరు బిడ్డల్ని పోగొట్టుకుని, నా పాకలో రెండు నెలలూ నోరు విప్పని అమ్మాయి, ఎప్పుడు జారుకుందో, పిన్ని పక్కన కూర్చుని ఉంది. "అట్టా కాదు పిన్నీ, సూది ఏటవాలుగా దించు. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" అని కసురుతోంది. ఆ గొంతు వినడం నాకదే మొదలు. సంతోషించాలా? ఏడుపొచ్చింది, అదీ కుళ్ళుతో. పిన్నిని బయటికి పిలిచి నిలదీశాను.

"నాదేముందమ్మా, నాకు మిషను తప్ప చేతికుట్టు రాదు. వాళ్లే నేర్పుతున్నారు," అంది నవ్వుతూ.

అన్నీ పోయినవాళ్ల దగ్గర ఇంకొకరికి ఇవ్వడానికి ఏదో మిగిలే ఉంటుందని అన్ని పుస్తకాలు చదివిన నాకు తట్టనే లేదు. తట్టాక కూడా ఒప్పుకోలేదు. "ఆ పాకలో కాగితాలు సరిగ్గా నింపలేదండీ," అని ప్రొఫెసరుగారితో అబద్ధం ఆడేశాను. ఆయన నమ్మి పిన్ని పాకని రిపోర్టులోంచి తీసేశారు. ఆ తర్వాత మనసు బాగాలేదని నా దగ్గరికొచ్చిన ప్రతి మనిషితోనూ "మీకొచ్చిన పని ఏదైనా నాకు నేర్పండి," అనే మొదలుపెట్టేదాన్ని. నా హస్తవాసి మంచిదని పేరొచ్చింది. పిన్ని మాట మాత్రం ఎక్కడా ఎత్తలేదు, ఆవిడ పోయిందని తెలిసిన రోజున కూడా. నిన్న మేనకోడలికి అంతా చెప్పి, ఉన్నది ఉన్నట్టు రాయవే అన్నాను. నోరు విప్పడానికి నా పాకలోని ఆ అమ్మాయికి రెండు నెలలు పట్టింది. నాకు నలభై ఏళ్లు దాటింది.