ఆవాలు కాని ఆవాలు

నా చిన్నప్పుడు, బంగారు గనులు మూతపడిన కొత్తలో, మేమింకా కార్మికుల లైనిళ్లలోనే ఉండేవాళ్లం. పక్కింటి అక్క ఊరగాయ కలిపితే దాని వాసనకే అన్నం సహించేది. ఎవరింట్లో పెళ్లయినా ఊరగాయకు ఆమెనే పిలిచేవారు.

కొట్లో ఆవాల కంటే అడవి ఆవాలకు ఘాటెక్కువని అక్క నమ్మకం. ఆ వేసవిలో నన్ను బేతమంగళ వైపు బీడు పొలాలకు తీసుకెళ్లి మొక్కను చూపించింది. "ఆవ పూవుకి నాలుగే రేకులు, మన సిలువ మాదిరి. కాయ సన్నంగా పొడుగ్గా ఉంటాది. ఆ ముళ్లుండేది బ్రహ్మదండి, తుంచితే పసుపు పాలు కారతాయి. దాని విత్తు అచ్చం ఆవగింజ మాదిరే ఉంటాది గానీ విషమమ్మా, ముట్టొద్దు" అంది. తలూపాను.

మర్నాడు నన్నొక్కదాన్నే పంపింది. ఆవ మొక్కల కాయలు ఎంత నలిపినా గుప్పెడు గింజలు రాలేదు. తోటిపిల్లలు ఆటకు పిలుస్తున్నారు. పక్కనే బ్రహ్మదండి కాయలు ఎండి నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. ఒక్కటి వంచి దులిపితే చాలు, గింజలు జలజలా రాలాయి. తెలిసే దులిపాను. డబ్బాలో సగం అవే.

"ఇంత బేగి ఏరుకొచ్చినావా!" అని అక్క నా బుగ్గ నిమిరింది. అప్పుడైనా చెప్పలేదు. ఆవపిండి కొట్టి, ఏడాదికి సరిపడా మామిడికాయ కలిపి జాడీకి ఎత్తే దాకా గుమ్మంలోనే కూర్చున్నాను.

మూడో రోజు పొద్దున్నే, మారికుప్పం నుంచి రైల్లో బెంగళూరుకు పనికి వెళ్లే భర్త అన్నం డబ్బాలో అక్క తొలిసారి ఆ ఊరగాయ పెట్టింది. నేను పరుగున వెళ్లి డబ్బా లాక్కుని ఏడ్చేశాను. "అక్కా, అవి ఆవాలు కావు."

అక్క ముఖం పాలిపోయింది. "నువ్వేమన్నా తిన్నావా?" అన్నది ఆమె అడిగిన మొదటి మాట. లేదన్నాక భర్తను ఉత్త మజ్జిగన్నంతో పంపి, పెరట్లో గుంట తీసి జాడీ అంతా పూడ్చింది.

నీళ్లకు వెళ్లిన అక్క వాళ్ల అత్త తిరిగొచ్చి, "జాడీ యాడ?" అంది.

"తడి తగిలి బూజు పట్టింది అత్తా. పారేసినాను."

"ఏడాది ఊరగాయ మన్ను పాలు చేసినావు గదే! నీ చేతికి ఏం రోగం?" అని ఆ అత్త లైనంతా వినబడేలా తిట్టింది. నేను అక్కడే ఉన్నాను. అక్క నన్ను ఇంటికి పొమ్మని కళ్లతోనే సైగ చేసింది. వెళ్లిపోయాను.

ఆ తర్వాత పెళ్లిళ్లకు అక్కను ఎవరూ పిలవలేదు. ఆమె చెయ్యి చెడిందన్నారు. ఎందుకు నిజం చెప్పలేదని ఒకసారి అడిగాను. "నాకైతే ఊరగాయ చెడిపిందనే పేరు. నీకైతే విషం పెట్టిందనే పేరు పడతాది. అదింగ పోతాదా తల్లీ? అయినా, తినక ముందే చెప్పినావు గదా" అంది.

తర్వాత వాళ్లు బెంగళూరు వెళ్లిపోయారు. అత్త పోయిందని తెలిసింది. ఆమె బతికుండగానే ఆమెకు ఒక్క ఉత్తరం ముక్క రాసి ఉండొచ్చు, తప్పు నాదని. రాయలేదు. అక్క నన్ను ఆ రోజే క్షమించింది. ఆమె మీద పడ్డ మాటను తుడవడం మాత్రం నా వంతు. అది నేను చేయలేదు.