సుందరత్త నాలుక

మొన్న ఆదివారం ఉదయం నా మనవరాలు ఒక రేకు డబ్బా మూత తీసింది. వంటగది గుమ్మం దాకా మల్లెపూల వాసన వచ్చింది. పూల వాసన పట్టించిన టీ ఆకట, స్నేహితురాలు ఇచ్చిందట. వేడినీళ్ళు పోసి, వడగట్టి, కప్పు నా చేతికిచ్చి "ఎలా ఉంది అవ్వా?" అని అడిగింది. నేను ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, ఒక గుక్క జుర్రాను. పక్కగదిలో పేపరు చదువుతున్న అల్లుడు తలెత్తి చూసేంత చప్పుడయింది. తర్వాత చెప్పాను: "పూలూ ఆకూ ఒకచోట నిద్రపోలేదు. ఇది పైన చల్లిన అత్తరు. మొదటి గుక్కలో ఉంది, రెండో గుక్కకు ఉండదు. ఆకు మాత్రం మంచిదే, వగరు నాలుక పక్కలకు పట్టింది." పిల్ల నవ్వి, "అవ్వా, బాగుందా లేదా, అది చెప్పు చాలు" అంది. టీ విషయంలో ఆ మాట నా నోట రాదు. రాకుండా చేసిన మనిషి మా మేనత్త సుందరమ్మ.

1943 ఆగస్టు 14, శనివారం, ఉదయం పదకొండున్నర. హిందూపురంలో ఎక్కిన రైలు కన్నడసీమ పట్నంలో దిగి, మా నాయన వెంట బళేపేటలో అత్త ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. నాకు పదమూడేళ్ళు. మా ఊళ్ళో ఆడపిల్లకు ఆ పైన చదువు లేదు కాబట్టి, పిల్లలు లేని అత్త నన్ను తన దగ్గర ఉంచుకుని చదివిస్తానంది. దారి అడిగితే ఒక జట్కా అతను, "టీ సొప్పంగడి వెంకటప్పోళ్ళ ఇల్లా? అదో, ఆ గాజులంగడి ఎదురుగా" అన్నాడు. ఆ హడావిడిలో 'టీ' అన్నది నా చెవిన పడలేదు. 'సొప్ప' అన్నది మాత్రమే పడింది. మా వైపు సొప్ప అంటే ఎండిన జొన్నదంటు, ఎద్దుల మేత. ఇంత పట్నంలో మా అత్తావాళ్ళు మేత అమ్ముకుని బతుకుతున్నారా అని నాకు మనసు చిన్నబోయింది.

గుమ్మంలో కాళ్ళు కడుక్కుంటూనే అడిగాను. "అత్తా, సొప్ప యాడ పెట్టినారు? ఒక్క ఎద్దు గూడా కనపడలేదే?"

అత్త ఒక్క క్షణం అర్థంకాక చూసి, స్తంభం పట్టుకుని నవ్వింది. "అయ్యో పిచ్చిదానా, ఇది కన్నడ సొప్పే! ఈడ సొప్పంటే ఆకు. మేము అమ్మేది టీ ఆకు. దాన్ని ఎద్దులు తినవు, మీ మామ ఒకడు తాగుతాడు."

"ఆ లెక్కన నేను ఎద్దునా?" అన్నాడు లోపలి నుంచి వెంకటప్ప మామ.

"నేనేమన్నా అన్నానా? నువ్వే పలికితివి."

అత్త సన్నగా, పొడుగ్గా ఉండేది. మాట ఎంత పదునో చూపు అంతకన్నా పదును. అందరూ కాఫీ తాగే పేటలో టీ ఆకు అమ్మడమే సాహసం. మామ మంచి మాటకారి, గిరాకీని కూర్చోబెట్టి నవ్వించి అమ్మగలడు. కానీ ఏ ఆకు మంచిదో, ఏది కాదో ఆయనకు తెలియదు. ఆ తెలివి అత్తది. అంగడి వెనక గదిలో పొడుగాటి బల్ల మీద తెల్లని పింగాణీ కప్పులు వరసగా ఉండేవి. తోటల సరుకు తెచ్చి అమ్మే దలాలి చూపించిన ఒక్కో రకం ఆకును పావలా కాసు బరువుకు తూచి, అప్పుడే మరిగిన నీళ్ళు పోసి, మూతపెట్టి, గోడ గడియారంలో అయిదు నిమిషాలు చూసి వడగట్టేది. పాలు లేవు, చక్కెర లేదు. బల్ల ముందున్న స్టూలు మీద అప్పట్లో అత్త తప్ప మరొకరు కూర్చోవడం నేనెరగను. దొరల సైన్యం ఉండే దండు ప్రాంతంలోని బంగళాలకూ, హోటళ్ళకూ మా ఆకు వెళ్ళేదంటే ఆ స్టూలు మీద జరిగిన పనివల్లే.

వెళ్ళిన వారానికే నన్ను బల్ల దగ్గరికి పిలిచింది. నేను కప్పు అందుకుని, పెదవులు మూసి, మర్యాదగా కొంచెం మింగాను.

"ఎట్లుండాది?"

"బాగుండాది అత్తా."

"బాగుండాది అనేది రుచి గాదే. అది మర్యాద. పెండ్లిలో భోజనం చేసినాక చెప్పు ఆ మాట. ఈడ రుచి చెప్పల్ల." ఇంకో కప్పు జరిపింది. "జుర్రు. గాలితో కూడా లాగు. నోట్లో పడింది ముక్కు దాకా పోవల్ల."

రసం జుర్రినందుకు మా అమ్మ గరిటెతో మొట్టిన తల నాది. "చప్పుడొస్తాది అత్తా. మా అమ్మ ఇంటే కొడుతుంది."

"మీ అమ్మ హిందూపురంలో ఉండాది. అంత దూరం ఇనపడితే నువ్వు గెలిచినట్టే. ఊఁ, కానీ."

జుర్రడం చేతనయ్యేసరికి దసరా వచ్చింది. మాటలు చేతనయ్యేందుకు ఇంకా ఎక్కువ కాలం పట్టింది. తడిసిన మట్టిగోడ, కొత్త చాప, చింతచిగురు, మాడిన పేలాలు, ఉతికి నీడన ఆరేసిన గుడ్డ: ఒక్కో కప్పుకు ఒక్కో మాట వెతికేదాన్ని. అతకని మాట చెబితే అత్త తల అడ్డంగా ఊపేది, అతికితే ఏమీ అనకుండా తర్వాతి కప్పు జరిపేది. ఆ జరపడమే నాకు బహుమానం. ఏలకులు దంచి కలిపిన ఆకు, శొంఠి ఆకు, నిమ్మగడ్డి ఆకు కూడా అత్త చేసేది. అన్నిటికన్నా పేరు మల్లెల టీకి. విచ్చుకోబోయే మొగ్గలను సాయంత్రం మార్కెట్ నుంచి తెప్పించి, కొత్త కుండలో ఒక వరస ఆకు, ఒక వరస పూలు పరచి, గుడ్డ కట్టి, తెల్లవారి పూలన్నీ ఏరేసేది. "పువ్వు ఆకుకు తోడు రావల్ల, ముసుగు గాకూడదు" అనేది. ముసుగు వేయాల్సిన ఆకును ఆమె కొనేదే కాదు.

అవి యుద్ధం రోజులు. మంచి ఆకు సిపాయిలకు పోయేది, మా దాకా వచ్చేది పొడి, నుసి. దలాలులు తెచ్చినదే సరుకు, ఇష్టమైతే తీసుకో లేకపోతే లేదు. అయినా అత్త పెట్టెలకు పెట్టెలు తిప్పి పంపేది. అట్లాంటి సమయంలో, 1945 జనవరిలో, ఆమెకు విషజ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది, జలుబు మాత్రం వదల్లేదు. ఒకరోజు నేను బడి నుంచి వచ్చేసరికి పొయ్యి మీద పాలు మాడి వీధి దాకా కమురు వాసన. అత్త ఆ పొయ్యి పక్కనే కూర్చుని బియ్యం ఏరుతోంది.

"అత్తా, పాలు!"

ఆమె గిన్నె వైపు చూసింది, తర్వాత నా వైపు. పాలు దించలేదు. "జ్వరం పోయినప్పటి నుంచి ఏమీ తెలీడం లేదే పద్మీ. వాసనా లేదు, రుచీ లేదు. కాఫీ, టీ, వేన్నీళ్ళు, అన్నీ ఒకటే. మీ మామకు చెప్పొద్దు."

ఎందుకు చెప్పొద్దందో నాకు తెలుసు. అత్త నాలుక పోయిందని తెలిస్తే ఆ బల్ల ఎత్తేస్తారు. మామ కళ్ళతో చూసి, దలాలి మాట నమ్మి కొంటాడు. అంగడి పేరు ఆరు నెలలు నిలవదు, అత్త వంటింటికి పోతుంది.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం కూనూరు సరుకుతో దలాలి రంగప్ప వచ్చాడు. నాలుగు రకాలు. అత్త ముక్కుకూ గొంతుకూ నీలగిరి తైలం పూసుకుని, శాలువ కప్పుకుని వచ్చి, "ఈ దినం పిల్ల చూస్తాది. నేను పక్కన ఉంటాను" అని నన్ను స్టూలు మీద కూర్చోబెట్టింది. మొదటిది నుసి వాసన. రెండోది శుభ్రంగా ఉంది, చింతచిగురు పులుపు. మూడోది రంగు చూస్తే అన్నిటికన్నా మేలు, ఎర్రగా మెరుస్తోంది. జుర్రాను. గొంతులో చల్లగా ఏదో తగిలింది.

"దీంట్లో నీలగిరి తైలం వాసన ఉండాది" అన్నాను.

రంగప్ప పకపకా నవ్వాడు. "అమ్మణ్ణీ, తైలం ఉండేది కప్పులో గాదు, మీ అత్త ముక్కు మీద! గదంతా అదే గదా!"

"అవునే, నాగ్గూడా వస్తా ఉండాది" అన్నాడు మామ. "సుమ్నే, ఊరికే ఉండు పద్మీ. పది పెట్టెలు తీసుకుందాం రంగప్పా, రంగు బంగారంగా ఉండాది."

అత్త నన్ను చూసింది. నేను చెప్పింది నిజమో కాదో తెలుసుకునే దారి ఆమెకు లేదు. ఆ కళ్ళలో అంత భయం అంతకుముందు చూడలేదు. "గట్టిగా తెలుసునా?" అని మెల్లగా అడిగింది.

నేను రెండో కప్పూ మూడో కప్పూ చెరొక చేత పట్టుకుని, అంగడి దాటి వీధిలోకి వెళ్ళాను. మెట్లు దిగి, తైలం వాసన రాలేని చోట, నడివీధిలో నిలబడ్డాను. పరికిణీ, రెండు జడలు, చేతుల్లో రెండు కప్పులు. గాలి బాగా వీస్తోంది. రెండో కప్పు జుర్రాను. లేదు. మూడోది జుర్రాను. మళ్ళీ రెండోది, మళ్ళీ మూడోది. జట్కా ఆగింది. ఎదురంగడి గాజుల శెట్టి అందరికీ వినపడేలా, "చూడండప్పా, సొప్పంగడి ఎనుము నీళ్ళు తాగుతా ఉండాది!" అన్నాడు. వీధంతా నవ్వింది. నేను ఇంకోసారి, మరింత గట్టిగా జుర్రాను.

లోపలికి వచ్చి కప్పు బల్ల మీద పెట్టాను. "మూడోదాంట్లో ఉండాది. వీధిలో కూడా ఉండాది. రెండోదాంట్లో లేదు."

రంగప్ప ఆ కప్పు తీసుకుని తనే వీధిలోకి నడిచాడు. అతను జుర్రిన చప్పుడు మాకు వినిపించింది. తిరిగి వచ్చేటప్పటికి ముఖంలో నవ్వు లేదు. "కొట్టులో తైలం సీసాల పక్కన పెట్టినట్టుండారు. నేను తప్పు చూసినానప్పా" అన్నాడు మామతో. తర్వాత అత్త వైపు తిరిగి, "ఇంక మీది రెండు నాలుకల ఇల్లు అక్కయ్యా. నేను జాగ్రత్తగా రావల్ల" అని సర్దుకోబోయాడు.

"రెండు గాదు రంగప్పా" అంది అత్త. శాలువ సవరించుకుని, నిటారుగా కూర్చుంది. "ఒకటే. నాది జ్వరంలో పోయింది. ఇంక ఈ అంగడికి ఇదే నాలుక." మామ నాలుగో కప్పు నా ముందుకు జరిపాడు. ఆ స్టూలు మీద నుంచి నన్ను లెమ్మని ఎవ్వరూ అనలేదు.

అత్తకు వాసన తిరిగి రాలేదు. బడికి వెళ్ళే ముందు ప్రతి ఉదయం ఆమెకొక కప్పు, నాకొక కప్పు. "నువ్వు చెప్పు, నేను తాగుతా" అనేది. నేను జుర్రి, చూసి, మాట వెతికి చెప్పేదాన్ని. అప్పుడు ఆమె ఒక గుక్క తాగి, కళ్ళు మూసుకుని, ఆ మాటను నోట్లో తిప్పుకునేది. ఒక్కోసారి బద్ధకించి "బాగుండాది" అంటే కప్పు కింద పెట్టేసేది. 1949 ఎండాకాలంలో, మంచం పట్టాక, మల్లెల టీ తెమ్మంది. "మొదట పువ్వు వచ్చింది అత్తా. తల తడారని పిల్ల పక్కన కూర్చున్నట్టుండాది. అది లేచి పోయినాక ఆకు వచ్చింది, వగరు, స్వల్ప తీపి. ఇంకా పోలేదు" అన్నాను. అత్త ఒక గుక్క తాగి, కళ్ళు మూసుకుని, నోట్లో తిప్పుకుంది. "ఆఁ," అంది చివరికి, "ఇప్పుడొచ్చింది."

ఆ స్టూలు మీద నేను ముప్ఫై ఒక్క సంవత్సరాలు కూర్చున్నాను. నేను సరేనన్న పెట్టె ఒక్కటీ గిరాకీ దగ్గర నుంచి తిరిగి రాలేదు. నన్ను ఎనుమన్న గాజుల శెట్టి తన కూతురి పెళ్ళికి టీ ఆకు నా చేతనే చూపించుకున్నాడు. నేను గర్వంగా చెప్పుకునేవి ఇవే.

పోయినవి కూడా రాసిపెడతాను. అత్త వాసన, 1945లో. అత్త, 1949లో. తర్వాత మామ. అంగడి ముందుగది, వీధి వెడల్పు చేసినప్పుడు. మిగతాది అమ్మేశాం. బల్ల, స్టూలు. పన్నెండు తెల్లకప్పుల్లో పదకొండు. మల్లెల టీకి ఎన్ని పూలు, ఎంత ఆకు అన్నది అత్త చేతి అంచనా, అదీ పోయింది. నా కుడిచెవి వినికిడి, నిరుడు. నాలుక ఇంకా పోలేదు.