టమాట అంటే చాలనుకున్న సారు

గార్ల దాటి తండా బాట పట్టాక, ప్రాథమిక పాఠశాల కనబడకముందే ఒక కేక వినబడేది. "సార్, సిట్!" అని. ఆ వెంటనే "సార్, జంప్!" అని. పిల్లల చేత అలా ఆజ్ఞలు వేయించుకుని గంతులేసే మనిషి జనార్దన్ సారు. వయసు యాభై దాటింది, పొట్ట కొద్దిగా ముందుకొచ్చింది, మోకాళ్లు ఎప్పటి నుంచో మొరపెట్టుకుంటున్నాయి. అయినా సిట్ అంటే కూర్చునేవాడు, స్లీప్ అంటే దుమ్ములోనే పడుకుని గురక పెట్టేవాడు. ఒకసారి జంప్ దగ్గర ప్యాంటు వెనక కుట్టు చర్రున పోయింది. సాయంత్రం దాకా నడుముకు తువ్వాలు చుట్టుకుని పాఠం చెప్పాడు. అదే తువ్వాలుతో ఆటో ఎక్కి గార్ల బజారులో దిగాడు.

ఆ బజారులో వాళ్లది కిరాణా దుకాణం. గల్లా మీద కూర్చున్న అన్న లక్ష్మీకాంత్ ఆ అవతారాన్ని చూసి గిరాకీల ముందే అడిగాడు.

"ఏం తమ్మీ, సర్కారు నీకు జీతమిచ్చేది కోతి ఏషాలెయ్యనీకా?"

"కోతి ముంగట పోరగాండ్లకు భయముండదన్న. భయం లేకుంటెనే నోట్లెకెల్లి మాటెల్తది."

అది ఆయన ఊరికే అన్న మాట కాదు. తెలుగు మీడియంలో చదువుకుని కాలేజీకి పోయిన కొత్తలో, లెక్చరర్ ఇంగ్లిషులో ఏదో అడిగితే నోరు పెగలక నిలబడిపోయాడు. క్లాసంతా నవ్విన నవ్వు ఇప్పటికీ ఆయన చెవిలో ఉంది. సర్కారు బళ్లు ఇంగ్లిషు మీడియమై, ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిషు ఉన్న పుస్తకాలు చేతికొచ్చినప్పుడు మొదట గుర్తొచ్చింది ఆ నవ్వే. తన బడిలో నవ్వులపాలు కావలసి వస్తే అది తానే కావాలని ఆ రోజే అనుకున్నాడు.

ఆయన ఆటలన్నిటిలోకీ పిల్లలకు ప్రాణం అంగడి ఆట. బల్ల మీద నిజం టమాటలు, వంకాయలు, పచ్చిమిర్చి పెడతారు. ఒకరు అమ్మాలి, ఒకరు కొనాలి, మాటలన్నీ ఇంగ్లిషులోనే. అమ్మేవాళ్లు చేతివేళ్లు ఒక్కొక్కటే ముడుస్తారు. అవి అయిపోయేలోపు జవాబు చెప్పలేనివాళ్లు కప్పలా గెంతుతూ గోడ దాకా పోయి రావాలి. సారు కావాలనే ఓడిపోయి, అందరికంటే ఎక్కువ గెంతేవాడు. చూసి చూసి పిల్లలకు కప్ప కావడమే సరదా అయిపోయింది. తప్పులు మాట్లాడారు, ఆ తప్పుల్లోంచే మెల్లగా మాటలు వచ్చాయి.

అందరికంటే ముందు వచ్చింది నాలుగో తరగతి కవితకు. ఇంట్లో తల్లిని లంబాడీలో 'యాడీ' అని పిలిచే పిల్ల, అంగడి బల్ల వెనక నడుం మీద చెయ్యేసుకుని "వాట్ డు యు వాంట్?" అని గద్దించిందంటే, సారుకు కొనవచ్చిందేమిటో నిజంగానే మతికి రాకపోయేది. ఇంగ్లిషులో ఆయనను ఎదురు ప్రశ్నించే గొంతు ఆ బడిలో అదొక్కటే. అది వింటే ఆయనకు కడుపు నిండేది.

ఆ కవితను ప్రైవేటు బడి వ్యాను ఎక్కిస్తారని తెలిసింది. తండ్రి భద్రు హైదరాబాదులో తాపీ పనికి పోయాడు. ఇక్కడ ఏది చేసినా తల్లి గంగాబాయే. మిరపతోట నుంచి వస్తున్న ఆమెను సారు బాటలోనే ఆపాడు.

"పోరిని వ్యానెక్కిస్తున్నవంట?"

"ఏం జెయ్యాలె సారూ. ఇంటికొచ్చి అంగడి పెట్టిన, కప్పనైన అంటది. సదువెప్పుడు సదువుతది?"

"గదే సదువు చెల్లె. శనివారం వచ్చి నీ కండ్లతోని జూడు."

"మంచిగ మాట్లాడ్తె యాడికి పంపుత? ఈడనే ఉంచుత."

శనివారం అంగడి ఆట చూడడానికి తండాలో సగం మంది వచ్చారు. గంగాబాయి కొంగును కళ్ల మీదికి లాక్కుని తలుపు పక్కన నిలబడింది. ముందు వరుసలో ఆమె బావ, భద్రు అన్న, కూర్చుని ఉన్నాడు మరి. కాపురానికొచ్చిన నాటి నుంచి ఆయన ఎదుట ఆమె ముఖం చూపింది లేదు, గొంతు వినిపించింది లేదు. ఆ తండా కోడళ్ల తీరే అది. జనార్దన్‌కు ఆ సంగతి తెలుసు. తెలిసీ, ఆ నిమిషంలో మరిచిపోయాడు.

మరిచిపోయేలా చేసింది కవితే. వచ్చినవాళ్లకు వచ్చినట్టు అమ్మేసింది. బేరమాడిన పిల్లవాణ్ణి "నో, నో, గో!" అని తరిమేసింది. "శభాష్ బిడ్డా!" అని పెదనాన్న తొడ చరుచుకున్నాడు. కొంగు కింద గంగాబాయి నవ్వడం సారు కంటపడింది. ఈ సంబరంలో తల్లికీ ఒక పాలు ఇద్దామనిపించింది. టమాట తండాలోనూ టమాటే కదా, ఆ ఒక్క మాట అన్నా గెలిచినట్టే అనుకున్నాడు.

"రా చెల్లె, ఇయ్యాల గిరాకీ నువ్వే!"

సారు పిలిస్తే రాననడం ఎలాగో గంగాబాయికి తెలియదు. వచ్చి నిలబడింది.

"వాట్ డు యు వాంట్?" అంది కవిత.

కొంగు కదలలేదు. కవిత వేళ్లు ముడవసాగింది. సారు పక్క నుంచి పెదవులతో 'టమాట, టమాట' అని అందిస్తూనే ఉన్నాడు. ముసుగులో ఉన్న మనిషికి పెదవులు కనబడవు కదా! ఆఖరి వేలు ముడుచుకుంది.

"ఫ్రాగ్! ఫ్రాగ్!" అని బడంతా ఎగిరింది. అందరికంటే పెద్ద గొంతు కవితదే.

"ఆగుండ్రి, నేను దుంకుత!" అంటూ సారు ముందుకొచ్చేలోపే గంగాబాయి గొంతుక్కూర్చుంది. ఒక గెంతు గెంతింది. రెండో గెంతుకు కొంగు నెత్తి మీంచి జారి భుజం మీద పడింది. బావ చటుక్కున గోడ వైపు తిరిగాడు.

"భద్రు పెండ్లాం మస్తు దుంకుతది రో!" అని వెనక నుంచి ఎవరో అన్నారు. జనం విరగబడి నవ్వారు.

గంగాబాయి లేచి, కొంగు సర్దుకుని, తానూ కాస్త నవ్వి వెళ్లిపోయింది. చప్పట్లు కొడుతున్న కవిత చేతులు మధ్యలోనే ఆగిపోయాయి.

సోమవారం కవిత బడికి రాలేదు. సారు వాళ్లింటికి పోయేసరికి గంగాబాయి అరుగు మీద మిరపకాయలకు తొడిమెలు తీస్తోంది.

"తప్పయింది చెల్లె."

"మీరేం జేసిండ్రు సారూ. దుంకింది నేను గదా."

"పోరి మంచిగనే మాట్లాడింది. ఈడనే ఉంచుతనన్నవు."

"మస్తు మాట్లాడింది. గందుకే పంపుతున్న." ఆమె చేతులు ఆగలేదు. "నా బిడ్డ నన్ను అడిగింది నాకే సమజ్ గాలే. ఇంకా నేర్సుకుంటది, ఇంకా సమజ్ గాదు. నేర్సుకోవాలె, నేనెందుకు వద్దంట? గని నా ముంగట గాకుంట, జర దూరంగ నేర్సుకోనీ సారూ. ఆ బడోళ్లు నన్ను లోపటికి పిలువరు."

మిరప ఘాటుకు జనార్దన్ తుమ్మాడు, ఆ సాకుతో ముక్కూ కళ్లూ తుడుచుకుని లేచాడు.

మర్నాడు పొద్దున బడి తలుపు తీస్తుంటే పచ్చ వ్యాను వచ్చి బాట మీద ఆగింది. మెడకు కొత్త టై కట్టుకున్న కవిత, పక్కన సంచి పట్టుకుని గంగాబాయి.

"గుడ్ మార్నింగ్, కవితా!" అన్నాడు సారు, రోజూలాగే గొంతు పెంచి.

కవిత నోరు తెరిచింది. తల్లి వైపు చూసింది.

"నమస్తే సార్," అంది మెల్లగా.

గంగాబాయి బిడ్డను ఎక్కించి, సంచి అందించి వ్యాను తలుపు వేసింది. వ్యాను మలుపు తిరిగేదాకా ఇద్దరూ అక్కడే నిలబడ్డారు, ఒకరి ముఖం ఒకరు చూడకుండా.