పలకని కణం

పులిహోర డబ్బా మూత తీసిన వాసన వస్తే చాలు, నాకు వసంత మేడం గుర్తొస్తారు. ఇవాళ మా పరిశోధనశాల వరండాలో ఎవరో డబ్బా తెరిచారు. నేను పని వదిలేసి అక్కడే నిలబడిపోయాను. మేడం తిరుత్తణి వాళ్ళు, తిరువళ్ళూరులో నా పరిశోధనకు గైడు. నరాల కణాల మీద సన్నటి ద్వారాలుంటాయి. చుట్టూ ఆమ్లం, అంటే పులుపు, పెరిగితే అవి తెరుచుకుని నొప్పి కబురు మోస్తాయి. వాటిని చదవడంలోనే ఆవిడ జుట్టు నెరిసింది. పులుపు చదివీ చదివీ పులిహోర తప్ప ఇంకో వంట రాకుండా పోయిందని మేము ఆటపట్టిస్తే, మాకంటే గట్టిగా ఆవిడే నవ్వేవారు.

నాన్న పోయాక నేను తిరిగి పనిలోకి వచ్చిన రోజులవి. పొదటూరుపేటలో మరమగ్గాలు నడిపిన మనిషి, ఏడాది పొడుగునా మంచం మీదే కరిగిపోయారు. ఆయన పోయిన రోజు నాకు ఏడుపు రాలేదు. కన్నకూతురై ఉండి ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదని బంధువులు గుసగుసలాడారు. వాళ్ళ మాటలకన్నా నా అనుమానమే నన్ను ఎక్కువ తినేసింది. చివరికి మేడంతో అనేశాను: "నాకు మా నాయన మీద ప్రేమే లేదేమో మేడం."

ఆవిడ "ఇట్ల రామే, ఒకటి చూద్దాం" అని సూక్ష్మదర్శిని దగ్గర కూర్చోబెట్టారు. ఒక కణాన్ని కాస్తంత పులుపు కలిసిన ద్రావణంలో ఉంచారు. ద్వారాలు తెరిపించేంత పులుపు కాదది; తెరమీద కణం స్పందన చూపే గీత కదల్లేదు. కాసేపాగి గాఢమైన పులుపు వదిలారు. అప్పుడూ కదల్లేదు.

"సచ్చిపోయిందా?" అన్నాను.

"యాడ సచ్చింది? ఉండు." పులుపు లేని ద్రావణంతో కడిగి, ఊరికే వదిలేశారు. ఆ తర్వాత అదే గాఢమైన పులుపు తగిలితే గీత ఒక్కసారిగా కిందికి దూకింది; ద్వారాలు తెరుచుకున్నాయి.

"కొంచెం కొంచెంగా తగుల్తా ఉంటే ఇది తెరుచుకోకుండానే బిగుసుకుపోతాదిమే. ఆపైన ఎంత పెద్దది పడినా పలకదు. మనిషి లెక్క వేరేలే, కణంతో పోల్చకూడదు. అయినా మీ నాయన్ని ఏడాదంతా చూసుకునింది నువ్వే గదా? ప్రేమ లేదని ఎవురు చెప్పినారు నీకు? లీవు పెట్టి అమ్మ కాడికి పో. పని యాడికీ పోదు."

వెళ్ళాను. కొన్నాళ్ళకు ఒక సాయంత్రం కరెంటు పోయి వీధిలో మగ్గాలన్నీ ఆగాయి. ఆ నిశ్శబ్దంలో నాన్న దగ్గు వినిపిస్తుందని చెవి ఒగ్గాను. వినిపించలేదు. అమ్మ ఒళ్ళో తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాను. మేడంకు ఫోన్ చేస్తే నా గొంతు వినగానే, "ఏడ్చినావా? సరి, తిని పండుకో" అన్నారు. ఆ మాటలో ఉన్న చల్లదనం నాకు ఇంకెక్కడా దొరకలేదు.

ఇప్పుడు చావింట్లో కళ్ళు పొడిగా ఉన్నవాళ్ళు కనిపిస్తే వెళ్ళి పక్కన కూర్చుంటాను. ధైర్యం చెప్పను, ఏడవమనీ చెప్పను. "ఎన్నాళ్ళు చూసుకున్నావమ్మా?" అని అడుగుతాను. వాళ్ళు చెప్పడం మొదలుపెడతారు.