పసుపు రాసిన ఫాగ్ లైటు

పోయిన నెల జనగామ నుంచి వచ్చిన తమ్ముడు మహదేవపూర్‌లో మా వాకిట నిలబడి, "అక్కా, పెద్దమ్మ పోయింది" అన్నాడు. ఏడ్చాను. కానీ ఆమెను తలుచుకుంటూ ఎక్కువసేపు ఏడవడం ఎవరి తరమూ కాదు. మధ్యలో నవ్వొచ్చేస్తుంది.

అరవైతొమ్మిది తెలంగాణ ఉద్యమంలో కాలేజీలు మూసేస్తే నేను ఆమె దగ్గరే ఉన్నాను. ఊరంతా పరేషాన్‌లో ఉంటే ఆమె నాకు తీరిగ్గా సకినాలు చుట్టడం నేర్పింది. ఆమె భర్త, మా పెద్దబాపుకు పాత నల్ల కారుండేది. నడిపేది ఆయన, నడిపించేది ఆమె. వెనక సీట్లోంచి "జర నిమ్మళం, బర్రెలొస్తున్నయ్" అంటూనే ఉండేది.

నా పెళ్లికి ముందు వచ్చిన దసరాకు కారుకు పూజ చేశారు. కొబ్బరికాయ కొట్టడానికి పెద్దబాపు రాయి వెతుకుతుంటే ఆమె ఆపింది.

"ముందట గింత ఇనుముంటే రాయెందుకు?"

బంపరు మీదే కొట్టింది. కాయ జారి, మంచులో దారి చూపడానికి బిగించిన పసుప్పచ్చ అద్దం ఫాగ్ లైటుకు తగిలింది. లైటు భళ్లున పగిలింది, కాయ మాత్రం చెక్కుచెదరలేదు. పెద్దబాపు తల పట్టుకున్నాడు.

"దిష్టి పోయింది తియ్" అంది పెద్దమ్మ.

అలాంటి అద్దం మళ్లీ దొరకలేదు. స్టేషన్ ఘన్‌పూర్ మెకానిక్ తెల్ల అద్దం లైటు బిగించాడు. వెలుగుతోంది కదా అని అందరూ ఊరుకున్నారు.

మాఘమాసంలో నా పెళ్లి, మహదేవపూర్‌లో పిల్లవాడింట్లో. ముహూర్తం పొద్దున్నే. నన్ను ఆ నల్ల కారులోనే తీసుకెళ్తుంటే, తెల్లవారుజామున భూపాలపల్లి దాటగానే అడవిలో మంచు కమ్మేసింది. లైటు వేస్తే ఎదురుగా తెల్లటి గోడ, ఆర్పితే చీకటి. పెద్దబాపు కారు ఆపేశాడు.

"పొద్దెక్కినంక పోదాం."

"పొద్దెక్కేదాంక లగ్గం ఆగుతదా?" అంటూ పెద్దమ్మ దిగింది.

నాకు ఏడుపొచ్చింది. ముహూర్తం తప్పించిన పిల్ల అని అత్తవారింట్లో మొదటిరోజే పేరు పడుతుందని భయం. పెద్దమ్మ పెళ్లిసామాన్ల గంపలోంచి పసుపు తీసి, నూనెలో కలిపి, లైటు అద్దానికి పలచగా పూసింది.

"ఏందే గిది?" అన్నాడు పెద్దబాపు.

"నేను పలగ్గొట్టిన పసుపు నేనే పెడుతున్న. నడువు."

వెలుగు మసకబారింది. కానీ కళ్లలోకి తిరిగి కొట్టలేదు, రోడ్డు అంచు కనిపించింది. ఎడ్లబండిలా నడుపుకుంటూ వేళకు చేరాం. మమ్మల్ని దింపుకోవడానికి వచ్చిన మా అత్తగారు ముందు లైటునే చూసింది.

"మీ దిక్కు గిట్ల పెడతరా?"

"పెడతం. లగ్గానికి పోయే బండికి పెట్టకుంటే ఎట్ల?" అంది పెద్దమ్మ, కన్నార్పకుండా.

అప్పటినుంచి ఈ ఊళ్లో ట్రాక్టరైనా లారీ అయినా లైట్లకు పసుపు లేకుండా పెళ్లికి కదలదు. ఇక జనగామలో తన గడప తొక్కిన వాళ్లందరినీ పెద్దమ్మ మంచినీళ్లకన్నా ముందు "దారి కనబడ్డదా బిడ్డా?" అని అడిగేది. ఆ వెక్కిరింత కోసమే వెళ్లేవాళ్లం.

తమ్ముడు కబురు తెచ్చిన రోజు మేం జీపెక్కుతుంటే అత్తగారు పసుపు గిన్నెతో వచ్చి లైట్లకు రాసింది. చావింటికి పోయే బండికి పెట్టరని పక్కింటామె అంది.

"ఆమె కాడికి పోయే బండికి పెట్టకుంటే ఎట్ల?" అంది అత్తగారు.

జనగామలో జీపు ఆగేసరికి పెద్దబాపు అరుగు మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. మెల్లగా లేచి వచ్చి, జీపు లైటు అద్దం మీద వేలు పెట్టాడు. వేలికంటిన పసుపును చాలాసేపు చూశాడు.

"దారి కనబడ్డదా బిడ్డా?" అన్నాడు, ఏడుస్తూ, నవ్వుతూ.