భుజానికి తగిలిన బాణం

నిన్న పుంగనూరు ఇంట్లో అమ్మ పెట్టెను నేను సర్దుతుంటే అట్ట ఊడిన ఆ నవల దొరికింది. నీడలతో సైన్యాన్ని నడిపే క్రూర చక్రవర్తిపై ఒక కమ్మరి తిరగబడే కథ. దాన్ని చూడగానే ఫినాయిలు వాసన గుర్తొచ్చింది.

నా తొమ్మిదో ఏట అమ్మ మదనపల్లె ఆసుపత్రిలో ఉండేది. పుస్తకం పట్టుకునే ఓపిక లేక రోజూ నాచేత చదివించుకునేది. కమ్మరి గెలిస్తే అమ్మ బతుకుతుందని నాలో నేనే అనుకున్నాను. ఆపరేషన్ ముందురోజు, చివరి అధ్యాయంలో, చక్రవర్తి బాణం కమ్మరి గుండెలో దిగింది. చదవడం అక్కడే ఆపేశాను.

"యాల నిలిపేస్తివి? సదువు."

"బాణం... భుజానికి తగిలిందిమ్మా."

"భుజానికేనా?"

"ఊఁ. కట్టు కట్టుకోని పోయి, చక్రవర్తిని గద్దె మీంచి లాగేసినాడు." పుస్తకం టక్కున మూసేశాను.

అమ్మ నాకేసి చూసింది. "బతికినాడు కదా. ఇంక పోయి అన్నం తినుపో. పొద్దున్నుంచీ ఏమీ తినలే నువ్వు."

అమ్మ గట్టెక్కింది, తొంభై ఏళ్లు బతికింది. ఆ పుస్తకం మళ్లీ తెరిచే ధైర్యం మాత్రం నాకు రాలేదు.

చదివిన ప్రతి పుస్తకం చివరి పుటలో తేదీ వేయడం అమ్మ అలవాటు. నా డైరీలు మొదలైందీ అది చూసే. నిన్న ఆ పుట తిప్పాను. పెన్సిలుతో వేసిన తేదీ, నేను పుట్టకముందుది.

నిన్నటి డైరీలో ఆ తేదీ ఒక్కటే రాసుకున్నాను.