కమిటీ కోసం వేసిన దారి

కోనసీమ వేరే జిల్లా అయిన మరుసటి వేసవిలో నేను శాసనసభ సచివాలయంలో, అర్జీల కమిటీ విభాగానికి సెక్షన్ ఆఫీసరుగా ఉన్నాను. పదవీ విరమణకు ముందు నా చివరి బాధ్యత అదే. అలాంటి కమిటీ ఒకటుందని చాలామందికి తెలియదు. కార్యాలయాల చుట్టూ తిరిగి అలసిన పౌరుడు, ఒక శాసనసభ్యుడి ప్రతిసంతకంతో నేరుగా సభకే అర్జీ పెట్టుకోవచ్చు. విషయం కోర్టులో ఉండకూడదు. అర్జీ అందాక సంబంధిత శాఖ నుంచి పేరావారీ జవాబు తెప్పిస్తాం. అవసరమైతే కమిటీ స్వయంగా వెళ్ళి చూస్తుంది. చివరకు నివేదికను సభ ముందు ఉంచుతుంది. ఉంచిన క్షణం నుంచి అందులో అధికారులు చెప్పిన ప్రతి మాటా సభకు చెప్పిన మాటే. ఈ చివరి సంగతిని శాఖలవారు సాధారణంగా పట్టించుకోరు.

ఆ వేసవిలో అందిన అర్జీల్లో ఒకటి మాజీ హవల్దారు రత్నరాజు గారిది. సైన్యం నుంచి వచ్చాక మాజీ సైనికుల కోటాలో ఆయనకు సముద్రానికి దగ్గరగా భూమి ఇచ్చారు. మండలం పేరు రాయను. అప్పటి అధికారుల్లో కొందరు ఇంకా సర్వీసులో ఉన్నారు. ఆయన అందులో కొబ్బరి వేసి, ఇల్లు కట్టుకున్నారు. తరువాత చుట్టూ రొయ్యల చెరువులు వచ్చాయి. ఊళ్ళోకి వెళ్ళే పుంతను, అంటే బండిబాటను, పక్క చెరువు యజమాని తవ్వి తన చెరువులో కలుపుకున్నాడు. ఇక మిగిలిన దారి మురుగు కాలువే. మోకాళ్ళ ఆపరేషను అయిన భార్య మరియమ్మ గారిని చర్చికైనా, ఆసుపత్రికైనా తాటిదోనెలో కూర్చోబెట్టి దాటించాలి. ఒకసారి దోనె తిరగబడింది. అప్పటినుంచి ఆమె ఇల్లు కదలలేదు. ఆయన అడిగింది ఒక్కటే: ఆ పుంత తిరిగి కావాలి.

తహసీల్దారు కార్యాలయం పంపిన జవాబును ఆ రోజే నా డైరీలో ఎత్తి రాసుకున్నాను. “అర్జీదారుని రాకపోకలకు అంతరాయము లేదు. దోనె సౌకర్యము కలదు.” ఆ దోనె ఆయన సొంత డబ్బుతో చేయించుకున్నదన్న సంగతి జవాబులో లేదు. రెండు వాక్యాల కిందా గీత గీసి ఫైలును చైర్మన్ గారికి పంపాను. స్థల పరిశీలన ఖరారైంది. పర్యటన కార్యక్రమంలో అంతర్వేది దర్శనం, భోజన విరామం, స్థల పరిశీలన ఆ వరుసలోనే ఉన్నాయి.

అప్పుడు యంత్రాంగానికి చిక్కు వచ్చింది. శాసనసభ్యులను తాటిదోనె ఎక్కించలేరు. కార్లు అర్జీదారు ఇంటిదాకా పోవాలి. దారి లేదన్న ఫిర్యాదును చూడవచ్చేవారి కోసం దారి వేయక తప్పలేదు. ఏళ్ళ తరబడి సాధ్యం కాని పని వారం తిరగకుండా అయింది. కాలువలో సిమెంటు తూములు దించారు, పాత పుంత మీదుగా గ్రావెల్ పోశారు, రోలర్ నడిపారు. కమిటీ వెళ్ళగానే తీసేస్తామని చెరువు యజమానికి నచ్చజెప్పారట.

కారు దిగిన ఒక సభ్యుడు చుట్టూ చూసి, “ఏమండీ హవల్దార్ గారూ, మా ఊరికే ఇంత మంచి రోడ్డు లేదండీ. మీకు అర్జీ దేనికండీ?” అన్నారు.

“మొన్నటిదాకా దోనేనండీ. మీరు వెళ్ళేక మళ్ళీ దోనేనండీ, ఆయ్” అన్నారు రత్నరాజు గారు.

సభ్యులు నవ్వారు. వరండాలో కుర్చీలో ఉన్న మరియమ్మ గారు, “మీరు ఆదివారం ఆదివారం వస్తూండండి బాబూ, నేను చర్చికెళ్ళొస్తాను” అన్నారు. ఈసారి చైర్మన్ గారు తహసీల్దారు వైపు తిరిగి, ఇది ఉండేదా, పోయేదా అని అడిగారు. శాశ్వతమైన దారేనండీ అని ఆయన తడుముకోకుండా చెప్పారు. స్థలంలో అధికారి చెప్పినదాన్ని రాసుకుని సంతకం తీసుకోవడం మా విధి. ఎడమచేతిలో కొబ్బరిబొండం పట్టుకునే, కారు బానెట్ మీద ఆయన సంతకం పెట్టారు.

“శాశ్వత దారి ఏర్పాటైనది, తదుపరి చర్య అవసరము లేదు” అని నివేదిక తయారైంది. దాని ప్రతి అందగానే రత్నరాజు గారు నాకు ఫోన్ చేశారు.

“మీరూ వాళ్ళలో కలిసిపోయేరాండీ?”

“వాళ్ళు చెప్పిందే రాశానండీ. ఒక్క అక్షరం మార్చలేదు” అన్నాను. ఆయన ఫోన్ పెట్టేశారు.

నివేదికను సభ ముందు ఉంచిన కొన్నాళ్ళకు ఆయన ఇంటి ముందుకు జేసీబీ వచ్చింది. రత్నరాజు గారు దారికి అడ్డంగా నిలబడి నాకు ఫోన్ చేసి, వెంట వచ్చిన రెవెన్యూ ఇన్‌స్పెక్టరుకు అందించారు.

“ఇది కమిటీ విజిట్‌కి వేసిందండీ. టెంపరరీ” అన్నాడతను.

“శాశ్వతమని మీ తహసీల్దారు గారు సంతకం పెట్టారండీ. ఇప్పుడు తీసేస్తే సభకు అబద్ధం చెప్పినట్టు. అది సభాహక్కుల ఉల్లంఘన. దానికి వేరే కమిటీ ఉంది. అక్కడికి పిలిచేది అర్జీదారును కాదు.”

జేసీబీ ఇంజను ఆపమని అతను కేకేశాడు.

“మరి చెరువాయనకి ఏం చెప్పమంటారండీ?”

“ఆయన్ని కూడా అర్జీ పెట్టుకోమనండి.”

జేసీబీ వెనక్కి వెళ్ళింది. వర్షాలకు గ్రావెల్ కొట్టుకుపోతే సభకు చెప్పిన మాట మళ్ళీ అబద్ధమవుతుందన్న భయం వారిని పట్టుకుంది. తొలకరికి ముందే వారే గట్టును బలపరిచారు, పుంతను గ్రామ పటంలో తిరిగి చూపించారు. మరియమ్మ గారు ఆటోలో చర్చికి వెళ్ళిరావడం మొదలుపెట్టారు. మాజీ సైనికుని సమస్యను సత్వరం పరిష్కరించినందుకు తహసీల్దారుకు గణతంత్ర దినోత్సవాన ప్రశంసాపత్రం ఇచ్చారు. నాకు అది నేటికీ మింగుడుపడలేదు.

నేను నేర్చుకున్నది ఒక పని పద్ధతి. సమస్య పరిష్కారమైపోయిందని అధికారి చెప్పినప్పుడు కాదని వాదించకూడదు. ఆ మాట మీద సంతకం తీసుకుని సభ ముందు ఉంచాలి. తరువాత దాన్ని నిజం చేసే శ్రమ ఆయనే పడతాడు.